పద్నాలుగో పొర

షెడ్డులో తూకం దగ్గర దాన్ని చింగుడి అంటారు,
ఇంట్లో రొయ్య.
మా ల్యాబులో సీసా మీద
నోరు తిరగని మూడో పేరు.
నేను మూడింటికీ పలుకుతాను.

గోపాలపూర్ ఒడ్డున పుట్టి
ఒడియా బడిలో చదివి
ఇరవై దాటాక నేర్చిన అక్షరాలతో
ఇది రాస్తున్నాను.
ఒత్తులు ఎక్కడైనా జారితే
తేమ వల్ల అనుకోండి.

మా అమ్మ, చోడిపల్లి ఎర్రాయమ్మ,
తెల్లారి నాలుగింటికి ఐసులో చేతులు పెడుతుంది.
తల విరిచి, వీపు చీల్చి, నల్ల నరం లాగి,
కిలోకి ఇంతని లెక్క.
రొయ్య తల మీద రంపం లాంటి ముల్లుంటుంది,
అది గుచ్చినదానికి లెక్క లేదు.
వేళ్ళ మీద గీతలన్నీ చెరిగిపోయి
రేషను మెషిను అమ్మను గుర్తుపట్టదు.

ఆ పొట్టు ఒకప్పుడు ఇసకలో కుప్ప పడేది
కాకులకీ కంపుకీ.
ఇప్పుడు సంచుల్లో బరంపురం వస్తుంది,
నేనే సంతకం పెట్టి దించుకుంటాను.
కడుగుతాను, ఎండబెడతాను, దంచుతాను.
ఆమ్లంలో వేస్తే సున్నం బుసబుసా పొంగి పోతుంది.
క్షారంలో ఉడికితే నీచు పోతుంది,
దురద పుట్టించేది పోతుంది.
మిగిలేది పిడికెడు తెల్ల రవ్వ.
పుల్లటి నీళ్ళలో కరిగించి అద్దం మీద పోసి
రెండు రాత్రులు ఆగితే
ఉల్లిపొరంత పలచగా లేస్తుంది,
అవతల పట్టిన వేలు కనిపించేంత.

లవంగనూనె చుక్క కలిపి
చందువా ముక్కకు చుట్టాం.
ప్లాస్టిక్కులో ముక్క ఐదో రోజుకే నీరుగారింది.
మాది తొమ్మిదో రోజు కూడా
వేలితో నొక్కితే పైకి లేచింది.
మిఠాయి తెప్పించుకుని తిన్నాం.

మర్నాడు ముసురు పట్టింది.
పొర మెత్తబడి చేతికి అంటుకుంది.
లోపాముద్ర మేడం నవ్వలేదు, నిట్టూర్చలేదు,
పద్నాలుగో నమూనా మీద అడ్డగీత గీసింది.

పారేయాల్సిన పొరను
పుస్తకంలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.
దొంగతనమే.
రాస్తున్నాను కాబట్టి ఒప్పుకున్నట్టే.

ఆ రాత్రి అమ్మ బొటనవేలు
పాత చీరముక్కను తడిపి తడిపి ఆగడం లేదు.
ఈ సరుకుతోనే గాయాలకు పట్టీలు చేస్తారు,
నెత్తురు దీన్ని పట్టుకుని గడ్డ కడుతుంది,
కానీ మా పొరకి అనుమతి లేదు,
మనిషి మీద లేదు, ఎలక మీదైనా లేదు,
ఇదంతా చెబుతూనే ఉన్నాను.
అమ్మ లాక్కుని చుట్టేసుకుంది.

తడి తగిలి మెత్తబడింది.
మెత్తబడి, పట్టుకుంది.

"ముప్పయ్యేళ్ళు కోసుకు తిన్నాది,
ఇప్పుడు మందేస్తాదేటి?" అంది.
కాసేపాగి, "పొట్టు కిలో ఎంతకి కొంతన్నారు?"
మూడు రూపాయలు.
"మరా కాయితం?"
ఇంకా ధర లేదన్నాను.
"ఉంటాదిలే" అంది,
లైటు తియ్యమని చేత్తో చూపిస్తూ.

పొద్దున్నకి పొర లేదు.
ఐసులో కరిగిందో, చర్మంలో కలిసిందో,
చల్దన్నంతో పాటు లోపలికి పోయిందో.
గాయం మూసుకుంది.
దానంతటదే మానేదేమో కూడా.
ఒక్క వేలు రుజువు కాదు,
మేడమైతే అదే అంటుంది.

పదిహేనోదానిలో మైనం కలిపి చూస్తున్నాం.
రిజిస్టరులో పద్నాలుగుకి ఎదురుగా
పారేశాం అని నా చేతిరాత,
ఇంగ్లీషులో.