దడ్వాయి లెక్క

ఎనుమాముల మార్కెట్ల ఇరవై రెండేండ్లు కాంటా పట్టిన.
తేజ మిర్చి, దేశీ మిర్చి, తాలు,
బస్తా లేపితె భుజమే చెప్పేది బరువు.
కాంటా ఉత్త సాక్ష్యం.

అసొంటి నాకు
ఐదు మిల్లీగ్రాములంటె ఎంతనో
సమజ్ కాలె.

బిడ్డ మేడారం జాతర ఏడు పుట్టింది,
సారక్క అని పెట్టుకున్నం.
బడిల రాసేటప్పుడు సార్ సారిక జేసిండు.
రెండేండ్లు నిండినంక గద్దె కాడ తూకమేసినం:
పదకొండు కిలోల బెల్లం,
కాంటా సమమైనంక కూడ మా అమ్మ ఇంకో పిడికెడేసింది.

ఆరో ఏట నెత్తుర్ల క్యాన్సర్.

దవాఖానల సూదులన్నీ అయినంక
ఇగ ఇంటికాడ్నే మాత్రలు, రెండేండ్లు, అన్నరు.
పక్క మంచం పరకాల పిలగానికి సుత అదే మాత్ర,
అదే కంపెనీ, అదే రాత్రి తొమ్మిది గంటలు.
వాడు నెలలోపట సైకిల్ తొక్కిండు.
మా బిడ్డ దిండు నిండ వెంట్రుకలు.
నోరంత పుండ్లు, గంజి కూడ దిగలె.
నాలుగు వేలుండాల్సిన తెల్లకణాలు
మూడు వందలు.
తక్‌పట్టీ చూసినట్టు ఆ కాయిదం మళ్ల మళ్ల చూసిన,
సున్నా ఏడనో జారిపోయిందనుకొని.

మా అమ్మ కొంరమ్మ గోడకు ఒరిగి అన్నది:
"మా వంశంల మందు పడదురా.
మా అయ్యకు పడలె. మా తమ్మునికి, నీ మామకు, పడలె."
ఊకో అని కసిరిన.
డాక్టరమ్మ కసరలె. కాయిదం మీద రాసుకున్నది.
"అది ఇదేనని నేను చెప్పలేనమ్మా,
చూద్దాం" అన్నది.

నెత్తురు హైదరాబాదు పోయింది.
పద్దెనిమిదో రోజు జవాబొచ్చింది.

ఒంట్ల ఒక హమాలీ ఉంటడట,
పనైపోయిన మందును మోసి బయట పడేసేటోడు.
నా బిడ్డ ఒంట్ల వానికి పుట్టుకతోనే చేతుల్లేవు.
దిగిన బస్తాలు దిగినట్టె పేరుకపోతన్నయి.
ఒక్క అక్షరం తేడానట.
తల్లి దిక్కు నుంచి ఒకటి, తండ్రి దిక్కు నుంచి ఒకటి,
రెండూ వచ్చి బిడ్డ కాడ కలిసినయి.

రజిత నా మేనమామ బిడ్డ.
ఆ మాట డాక్టరమ్మ అడుగక ముందే
ఇద్దరం నేల చూసినం.
ఆ రాత్రి బస్టాండు దాక నడుస్తుంటె
ఆమె ఒక్కటే అన్నది:
"కాళ్లకు పట్టీలు పెట్టినం, చెవులు కుట్టిచ్చినం,
ఇది ఎప్పుడు పెట్టినమో చూడలె."

ఇప్పుడు పదో వంతు.
మాత్రను పది మిల్లీల నీళ్లల్ల కలిపి
ఒక్క మిల్లీ గుంజాలె.
మిగిలిన తొమ్మిది పారబోయొద్దు,
డబ్బాల మూతేసి వాపసు తేవాలె.
చేతులకు తొడుగులేసుకొని రజితే గుంజుతది.
నా వేళ్లు వణుకుతయి,
క్వింటాళ్లకు వణుకని వేళ్లు.

మార్కెట్ల తేమ ఉన్నదని, మట్టి ఉన్నదని
రైతు కాడ తరుగు తీసేటోళ్లను ఎంతమందిని తిట్టిన!
ఈ తరుగును మాత్రం
రోజు రాత్రి నిలబడి చూస్త.

పరకాల పిలగాని తల్లి అడిగింది,
"గంత కొంచెం ఇస్తె జబ్బు మల్ల రాదా అన్నా?"
డాక్టరమ్మ చెప్పింది చెప్పిన:
మా బిడ్డకు ఆ కొంచెమే నిండు తూకం.
చెప్పిన గాని
ఇంటికొచ్చి అన్నం తినలె.

పోయిన సోమవారం రెండు వేల నాలుగు వందలు.
నోట్ల పుండ్లు మానినయి.
చింతపండు చారు కావాలని ఏడ్చింది,
ఆ ఏడుపుకు మా అమ్మ నవ్వింది.

చిన్నోడున్నడు, మూడేండ్లోడు.
వానికి పరీక్ష ఇంక చేయించలె.
చేయించాల్నా అని రజిత అడుగది, నేను అడుగ.
కాంటా కాడ్నుంచి వచ్చేసరికి
ఎత్తుకొమ్మని చేతులు సాపుతడు.
ఎత్తుకుంటె భుజం చెప్తది:
పద్నాలుగు కిలోలు.
ఇంకేం చెప్పది.