రెండు పొట్లాలు

దేవరకద్ర అంగడి నుంచి వొస్తుంటె
ఆటోల నా ఒడిల రెండు పొట్లాలు.
ఒకటి నాది, పావుకిల ఉల్లిగడ్డ ఇత్తనం.
ఒకటి ఖాజాబీది, పావుకిల నల్లజీలకర,
ఆమె పెనిమిటి మోకాళ్ల కోసం.
రెండిటికీ పాత పేపరే, అదే తెల్లదారం.
విప్పి చూసినా అంతే:
బొగ్గును నలిపి మూలలు చెక్కినట్టు గింజలు.
వాసన చూస్తె తెలుస్తుండె.
ఆ దినం నాకు పడిశం.

మడి కట్టిన, ఎరువు చల్లిన, గీతలు గీసి ఇత్తిన.
ఉల్లి మొలిస్తె మోకాలు వంచుకొని లేస్తది,
సూది బెజ్జం లెక్క.
ఇది అట్ల లేవలె.
రెండు చేతులు చాపి లేసింది.
"గడ్డి" అన్నడు కుర్మయ్య.
"ఇత్తనం మోసం" అన్నడు.
అంగడోణ్ని తిట్టిండు, నన్ను తిట్టిండు,
నీళ్లు కట్టుడు మాత్రం ఆపలె.

పీకేద్దామని ఒకనాడు కొడవలి పట్టుకొని కూసున్న.
ఆకులు ఆకులు గావు, పొగ లెక్క.
సోపు గాదు, కొత్తిమీర గాదు.
చెయ్యి పోలె.

చలి ముదిరినంక పూసింది.
నీలమంటె నీలం గాదు,
మా అవ్వ తెల్లబట్టలకు నీలిమందు పెట్టి జాడిస్తె
ఆఖరు నీళ్లల్ల మిగిలే రంగు.
పువ్వు నడుమ సన్నటి కొమ్ములు.
ఎన్నడూ రాని తేనెటీగలొచ్చినయి.
బడికి పోయే పోరగాళ్లు గట్టుమీద నిలబడి
"ఇదేం పంట పెద్దమ్మా?" అంటె
"మీ సారునడుగుండ్రి" అన్న.
సారుకూ తెలవలె.

ఆ యేడు అంగట్ల ఉల్లి కిల నాలుగు రూపాయలు.
పక్కచేను నర్సప్ప గడ్డలన్నీ గొడ్లకేసిండు.
కుర్మయ్య ఆ ముచ్చట ఎత్తలె,
తిట్టుడైతె తగ్గించిండు.

కాయ ఎండి చిట్లినంక
అరచేతుల నలిపి ఊదిన.
పొట్టు పోయింది, నలుపు నిలిచింది.
ముక్కుల ఘాటు లేసింది.
వాము గాదు, మిరియం గాదు,
ఎరికైన ఇంటి వాకిట్ల వాసన.
యాదికొచ్చింది.
నా చిన్నబిడ్డ కాన్పుల
ఖాజాబీ గిలాసల పోసిచ్చిన కషాయం!

కొంగుల పోసుకొని ఉరికిన.
ఖాజాబీ ఒక్క గింజ కొరికింది,
కండ్లు మూసింది, తెరిసింది.
"యా అల్లా, కలోంజీ!"

మరి ఆమె డబ్బాల ఉన్నదేంది?
అడుగున ఇంక పిడికెడు మిగిలింది.
కొరికి చూసిన. ఉల్లి.

నలబై రోజులు, పరగడుపున, తేనెల కలుపుకొని
మౌలాలి భాయి మింగింది
నా ఉల్లితోట.

అప్పుడే బయట మంచం మీదికెళ్లి ఆయన లేసిండు,
చెయ్యి ఆనకుంట.
రెండడుగులు వేసి చూపెట్టిండు సుత.
"మందు మంచిగ పనిచేసిందమ్మా," అన్నడు నాతోని,
"కొంగుల ఏందది?"

ఖాజాబీ పొయ్యి దిక్కు తిరిగింది.
ఆమె భుజాలు కదులుతున్నయి.
నేను కొంగు ముడేసుకున్న.

"ఉల్లి ఇత్తనం, భాయి."