ఫ్లాట్ బి

స్పాల్డింగ్‌లో నా తలుపు మీద అంతే రాసి ఉంటుంది: ఫ్లాట్ బి.
ఎదురు తలుపు ఫ్లాట్ ఏ, డోరీన్ థాక్రేది,
పిల్లలకి పియానో చెబుతుంది.
"తిరగేసి చదువు" అంది మొదటి రోజే,
"ఏ ఫ్లాట్, బి ఫ్లాట్.
మనమున్నది గదుల్లో కాదు,
పక్కపక్కన రెండు నల్ల మెట్ల మీద."

ఫ్లాటుకీ ప్లాటుకీ తేడా తెలియకుండానే పెరిగినదాన్ని.
మా బాబాయి నోట్లో రెండూ ఒకటే.
భీమవరంలో ప్లాటు కొన్నానంటే
గోడలున్నాయో, తుమ్మ కంపలున్నాయో
బస్సెక్కి వెళ్ళి చూసి రావాల్సిందే.

ఇక్కడ గోడలున్నాయి. ఒకదానికి చెమ్మ.
కిటికీ తీస్తే
అప్పడాల కర్రతో ఒత్తి మరిచిపోయినట్టు నేల,
క్యాబేజీ, కాలవ, మళ్ళీ క్యాబేజీ.
దాన్నీ ఫ్లాటే అంటారు.

నా పని టైర్ల షాపులో.
పొద్దున్నే ఫోనెత్తితే అదే మాట, ఫ్లాట్, గాలి పోయింది.
తర్వాతి ఫోను బ్యాటరీ గురించి, అదీ ఫ్లాటే.
రాత్రి మూత పెట్టని కోలా సీసా, ఫ్లాట్.
మడమల్లేని నా చెప్పులు, ఫ్లాట్లు.
చెమ్మ ఉంది కదా అద్దె తగ్గించమంటే
మిస్టర్ గాజ్‌బీ కుదరదన్నాడు, ఫ్లాట్‌గా.
ఎంత పొదుపో వీళ్ళకి!
మాకైతే పోయేదాన్ని బట్టి మాట.
టైరుకి గాలి పోతుంది, చారు చప్పబడుతుంది,
పాట శ్రుతి తప్పుతుంది, నేల చదునవుతుంది,
మనిషి చతికిలబడతాడు.

మార్చిలో ఒక గురువారం
తెల్ల వ్యాను ఒకటి ఎడమ వెనక కుంటుకుంటూ వచ్చింది.
ఆండ్రిస్, లాత్వియా వాడు, పూల మొక్కలు తోలుతాడు.
రసీదు మీద ఇంటిపేరు అడిగితే కాల్నిన్ష్ అన్నాడు.
వాళ్ళ భాషలో చిన్న కొండట.
నలభై మైళ్ళు చూసినా గుట్ట కనపడని ఈ నేలలో
ఆ మాట విని నేనే ముందు నవ్వాను.

మళ్ళీ గురువారం కుడి ముందు.
ఆ పై గురువారం ఎడమ ముందు.
నాలుగోసారి పటకారుతో లాగిన మేకుకి
తుప్పు లేదు, మట్టి లేదు,
తల మీద సుత్తి దెబ్బ ఇంకా మెరుస్తోంది.
ఏమీ అనలేదు నేను. పదిహేను పౌండ్లు తీసుకున్నాను.
మేకు మాత్రం చెత్తబుట్టలో వెయ్యలేదు.

ఆ సాయంత్రం డోరీన్ దగ్గర టీ తాగుతూ
"మా భాషలో మీ మాటకి ఇంకో అర్థముంది" అన్నాను.
"ఎవరైనా ఎవరినైనా చూసి ఫ్లాట్ అయిపోయారంటే..."
"గాలి పోయిందనా?"
"కొంచెం."
"చప్పబడ్డారనా?"
"అబ్బే, అది కాదు."
ఆవిడ కాసేపు నా చెప్పుల వైపు చూసింది.
వేలితో ఒక నల్ల మెట్టు నొక్కి
అది పూర్తిగా ఆరిపోయేదాకా పట్టుకుంది.
"ఎనభై ఏళ్ళుగా వాడుతున్నాను ఆ మాట,
ఈ పనికి ఎవరూ వాడలేదు" అంది.

ఈ నేలలో ఒక సుఖముంది.
వచ్చే బండి రెండు మైళ్ళ ముందే కనిపిస్తుంది.
చేతులు తుడుచుకోవచ్చు,
జుట్టు ముడి విప్పి మళ్ళీ వేసుకోవచ్చు,
ఏమీ చూడనట్టు జాకీ కింద దూరవచ్చు.

ఈ గురువారం వ్యాను నిటారుగా వచ్చింది.
నాలుగు టైర్లూ నిండుగా ఉన్నాయి.
ఏమైందన్నాను.
గాలి చూడమన్నాడు.
చూశాను. నలభై రెండు. నలభై రెండు.
నలభై రెండు. నలభై రెండు.

మళ్ళీ చూడమన్నాడు.