కాటా గదికి కంప్యూటర్

పాత పెట్టె మంగళవారం మధ్యాహ్నం పోయింది,
కాటా మీద పద్నాలుగు చక్రాల లారీ నిలబడుండగానే.
మూత తీసి చూస్తే ఫ్యాను రెక్కలు కనపళ్ళేదు,
పిండిమర గోడలాగుంది లోపలంతా.
చీమకుర్తి రాయి కోయగా కోయగా లేచిన బూడిద.
ఎనిమిదేళ్ళు దాన్నే పీల్చి, తూచి, చీటీలిచ్చి
ఊపిరాడక పోయింది.
నేనింకా దగ్గుతున్నా.

"పోయి మంచిది చూసి తీసుకురా సుబ్బరత్తం"
అని ముప్పైవేలు లెక్కపెట్టాడు మాలకొండయ్య.
మంచిదంటే ఏందో చెప్పలా.

ఒంగోలు, మంగమూరు రోడ్డు, మేడ మీద కొట్టు.
రంగు దీపాలేసుకుని పెట్టెలన్నీ
తిరనాళ్ళ ప్రభల్లాగా నిలబడున్నాయి.
"ఎనిమిది కోర్లక్కా! ఆటలు పరిగెత్తుతాయి" అన్నాడు జిలానీ.
నా గదిలో పరిగెత్తేదేదీ లేదబ్బాయ్.
లారీ వస్తది, ఆగుద్ది,
అంకె కుదురుకునేదాకా
డ్రైవరూ నేనూ ఊపిరి బిగబట్టుకుంటాం.
నాకు కావాల్సింది కుదురు.

వంకాయలు ఏరినట్టు ఒక్కొక్కటే అడిగా.
ఫ్యాను లేనిదుందా?
ఉంది. అరచేతి కన్నా కాస్త పెద్దది,
వీపంతా ఇనప మడతలు, వేడి వాటి గుండానే పోతదంట.
లోపల తిరిగే డిస్కు వద్దు,
లారీ ఎక్కినప్పుడల్లా మా గది నేల అదురుద్ది.
కాటా నుంచొచ్చే తొమ్మిది సూదుల పాత వైరు
దీనికి పడుద్దా అన్నప్పుడు
ఆ పిల్లోడు మొదటిసారి సెల్‌ఫోను పక్కన పెట్టి నా వంక చూశాడు.

కరెంటు పోతే అరగంట ఆపే బ్యాటరీ.
కీబోర్డుకి ప్లాస్టిక్ తొడుగు. తెర పాతదే చాలు.

"విండోస్ ఊరికే ఏస్తానక్కా, అందరికీ అట్టానే,
తాళం పగలగొట్టింది.
పైన ఆంటీవైరస్ మాత్రం ఏడాదికి తొమ్మిదొందలు."
తాళం నువ్వే పగలగొట్టి
మళ్ళీ తాళం నువ్వే అమ్ముతావా నాయనా?
జిలానీ నవ్వాడు. నేను నవ్వలా.

పోయిన శ్రావణంలో పక్క కాటా వెంకటస్వామికి
తెల్లారేసరికి తెరంతా ఎర్రగా అయింది.
మూడేళ్ళ చీటీలు ఎవడో ఊరూ పేరూ లేనోడి గుప్పిట్లో.
బిట్‌కాయిన్ ఏ బ్యాంకులో ఇస్తారు పిన్నీ అని
పాసుబుక్కు పట్టుకుని నా కాడికొచ్చాడు.
క్వారీవోళ్ళు ఒక బరువు చెప్పారు, లారీవోళ్ళు ఒక బరువు.
ఎవరి బరువు వాళ్ళకే లాభం.
వెంకటస్వామి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

అసలుదే కొన్నా, బిల్లుతో సహా.
దాంతో వచ్చే కాపలా చాలు,
అప్‌డేట్ అడిగినప్పుడల్లా రేపు రేపు అనకుండా ఉంటే.
రెండు పెన్‌డ్రైవులు.
ఒకటి గదిలో, ఒకటి నా అన్నం క్యారేజీ అడుగు గిన్నెలో
రోజూ ఇంటికొస్తది.
పాత పాస్‌వర్డు క్యాలెండరు మీదుండేది,
కొండేపి డ్రైవర్లక్కూడా నోటికొచ్చు.
కొత్తది నాలుగు మాటలు.
ఒకటి చిన్నప్పుడు మా బర్రెకి పెట్టిన పేరు.
మిగతా మూడూ మీకూ చెప్పను.

"ముప్పైవేలకు ఇంతేనా?"
మాలకొండయ్య దాన్ని చేతిలో ఎగరేసి చూశాడు.
తర్వాత, గోడ వైపు చూస్తా, మెల్లిగా,
"పాస్‌వర్డేంది?"
నీకు వేరే పేరుతో తెరిచా అన్నా.
అన్నీ చూడొచ్చు. దిద్దలేవు.

కాసేపు బయట లారీ ఇంజను ఒక్కటే మాట్లాడింది.

"నా కాటానే గదా" అన్నాడు.
అవును నీదే.
బీడీ తీశాడు, ముట్టించలా, జేబులో పెట్టుకున్నాడు.
"సరేలే, పన్జేస్తదా లేదా చూపించు."

తూచడానికి ఏదీ లేదప్పుడు, లారీ దిగిపోయింది.
కొత్త పెట్టె వచ్చిన అట్టపెట్టె తీసుకెళ్ళి
కాటా నడిమధ్యన పెట్టొచ్చా.
పది కిలోల లోపు దానికి కనపడదు.
సున్నా అంది.
సున్నా అనే చీటీ తీసి
తేదీ కింద సంతకం పెట్టా.