నాలుగో గోడ

బ్రాడీపేటలో మూడో అంతస్తు, ఏసీ హాలు.
"జి. శౌరమ్మ, టీమ్ లీడర్" అని
ఎవరో గుండ్రంగా రాసిన కార్డు
మెడలో వేలాడదీసుకుని
శని, ఆదివారాలు రెండూ కూర్చున్నాను.

సారు బోర్డు మీద బాణాలు గీశారు,
పైనుంచి కిందికొకటి, కిందినుంచి పైకొకటి.
మెచ్చుకోలు నలుగురిలో,
మందలింపు నాలుగ్గోడల మధ్య.
చెప్పే ముందు వినాలి.
అన్నీ రాసుకున్నాను.

నూలు మిల్లు జోజప్ప
ఆలస్యంగా వచ్చిన కార్మికుడి వేషం కట్టి
"పాపకి జ్వరం సార్" అన్నాక
ఇంకేం మాట్లాడలేకపోయాడు.
భలే చేశావని చప్పట్లు కొట్టాం.
టీ టైములో ఫోను పట్టుకుని
మెట్ల మీదికెళ్ళి ఒక్కడే నిలబడ్డాడు.

వినడం గురించి సారు గంట చెప్పారు.
చెయ్యెత్తి చెబుదామనుకున్నాను:
మా షెడ్డులో ముప్పై ఇద్దరం ఆడవాళ్ళం,
ముక్కుకీ నోటికీ గుడ్డ కడితే కళ్ళే కదా మిగిలేది,
దగ్గుని బట్టి మనిషిని పోల్చుకుంటాను నేను.
రెండుసార్లు దగ్గి ఆగితే నాంచారమ్మ.
గొంతు సవరించినట్టుంటే
కొత్తగా వచ్చిన ఫిరంగిపురం పిల్ల.
అసలు దగ్గే వినపడకపోతే
ఎవరో ఏడుపు ఆపుకుంటున్నట్టు.
ఎత్తబోయిన చెయ్యి దించేశాను.
ఇది ఏ బాణం మీద రాస్తారో తెలియలా.

సోమవారం.
ఏటుకూరు రోడ్డులో ఎండ
అప్పటికే కల్లంలో కాయలా పరుచుకుంది.
గుమాస్తా చీటీ ఇచ్చాడు:
"మస్తాన్‌బీ. తేజాలో తాలు పోతోంది. గట్టిగా చెప్పు."

మస్తాన్‌బీ.
పదకొండేళ్ళ కిందట నా వేళ్ళు పట్టుకుని
తొడిమ ఎక్కడ విరగాలో చూపించింది.
మంట పుట్టిన నా చేతుల మీద
తన గిన్నెలో మజ్జిగ ఒంపేసి
ఆ పూట వట్టి అన్నం తింది.

గోడల కోసం వెతికాను.
షెడ్డుకి మూడే గోడలు,
నాలుగోవైపు లారీలు.
కాటా వెనక్కి పిలిచాను.
ముందు మెచ్చుకోవాలి కదా,
"నీ అంత పనిమంతురాలు..." అని మొదలెట్టాను.

ఆమె గుడ్డ కిందికి లాగింది.
"తాలు సంగతేనా?
కుడికన్ను పొర కమ్మిందే శౌరీ.
ఎరుపూ తెలుపూ ఒకటే మసక.
నెలయింది. చెబితే మానిపిస్తారని చెప్పలా."
చీర కుచ్చెళ్ళకంటుకున్న గింజలు దులుపుకుంటూ,
"నువ్వు సూపర్‌వైజరువి అయ్యాక
ఇంకా భయమేసింది."

లారీ ఒకటి వెనక్కి వస్తూ
హారన్ కొడుతూనే ఉంది.
నా నోట్సులో ఈ మాటకి జవాబు లేదు.

ఏరే పని ఫిరంగిపురం పిల్లకిచ్చి
పక్కనే మస్తాన్‌బీ పట్టా జరిపించాను.
తొడిమలు తీయడానికి కన్నక్కర్లేదు,
వేళ్ళకి దారి తెలుసు.
చీటీ వెనక "చెప్పాను" అని రాసి
గుమాస్తాకి తిరిగిచ్చాను.
విన్నానని రాయడానికి
ఆ కాయితంలో చోటు లేదు.

తొడిమ పనికి కూలి తక్కువ.
ఆ మాట ఆమెకి చెప్పడానికి
ఇంకా గోడ దొరకలా.