కుదరని చొక్కాలు

ఆడిన సినిమాల బట్టలు నా దగ్గర లేవు.
వంద రోజులాడిన కోటును ఎవరో ముద్దుపెట్టుకుని పట్టుకుపోయారు.
రాజు వేషం జరీ అంచు ముక్కలు ముక్కలుగా నెల్లూరు దాకా వెళ్లింది,
తాయెత్తుల్లో చుట్టి కట్టుకున్నారని విన్నాను.
నా ట్రంకుపెట్టెలో మిగిలినవన్నీ ఆడనివే,
మడత నలగకుండా తిరిగొచ్చినవి.

వడపళనిలో, మెట్ల కింద షాపు.
దస్తగిరి టైలరంటే ఒకప్పుడు ఆర్కాట్ రోడ్డంతా చెప్పేది.
ఇప్పుడు స్కూలు వార్షికోత్సవాలకి వేషాలు అద్దెకిస్తున్నాను.

ముక్తేశ్వరరావుగారి కొలతలు ఇప్పటికీ నోటికొచ్చు.
ఛాతీ నలభై రెండు, భుజం పద్దెనిమిదిన్నర,
నడుము
చెప్పనని ఒట్టేశాను.

మహానటుడే. కాదన్నవాడి నోట్లో మన్ను.
కానీ సూది పట్టినవాణ్ణి,
కుట్టు ఎక్కడ పిగిలిందో చూడకుండా ఉండలేను.
కథ బాలేదంటారు, ముహూర్తం బాలేదంటారు,
విగ్గుల సెల్వమైతే అప్పటి వానల్ని కూడా తిట్టేవాడు.
ఆయన కుదరలేదని మాత్రం
ఒక్కడూ అనలేదు ఈ వీధిలో.

యాభై రెండో ఏట కాలేజీ కుర్రాడు.
గళ్ల స్వెటరు లోపల నేను బిగించిన గుడ్డపట్టీ,
దాని లోపల ఆయన ఊపిరి.
పాట మధ్యలో వచ్చి నిలబడి
"ఒక్క కొక్కెం వదులు చెయ్యరా" అన్నారు.
చేశాను.
ఆ షాట్ నుంచే తెరమీద వయసు కనిపిస్తుంది.

మూగవాడి వేషం ఇంకోటి.
జనం టికెట్టు కొనేదే ఆ గొంతు కోసం,
ఆ గొంతే తీసేశారు.
నోరు మూశారు గాని
కాలరు పైన గొంతుముడి ప్రతి మాటకీ ఎగిరి పడింది.
డైలాగు లోపల చెప్పుకుంటున్నారు పాపం.
మెడ మూసే కాలరు కుట్టి ఉండాల్సింది నేను.

అన్నిటికన్నా, ఆ రైతు.
మా నంద్యాల పక్క రైతన్నారు.
టీ నీళ్లలో ముంచి, ఇటుకపొడి రుద్ది,
మూడు రోజులు మేడమీద ఎండబెట్టి
కొత్త చొక్కాని ముసలిదాన్ని చేశాను.
చొక్కా రైతయింది. మనిషి కాలేదు.
మేడి పట్టిన చేతిమీద
గడియారం తీసిన తెల్లటి మచ్చ.
ఎడ్లు కూడా దొరవారి ముందు నిలబడ్డట్టే నిలబడ్డాయి.
బెజవాడ నుంచి ట్రంకాల్:
రెండో ఆటకే బెంచీలు ఖాళీ.

చాలా ఏళ్ల తర్వాత, ఒక తుఫాను వెలిసిన రాత్రి.
అప్పటికి అందరూ హైదరాబాదు వెళ్లిపోయారు,
ఫ్లోర్లు కూల్చి ఫ్లాట్లు లేపుతున్నారు.
షట్టరు సగం దించుతుంటే కింద చెప్పులు కనబడ్డాయి.
ఆ చెప్పుల్ని బట్టే తెలిసింది.
"రైతు చొక్కా ఉందిరా?"

తీసిచ్చాను. ఛాతీలో రెండంగుళాలు ఖాళీ.
అద్దం చూసుకోలేదు.
ఎదురుగా టీ బండి బల్లమీద
కూర్చోలేదు, ఒదిగారు.
మోకాళ్లమీద మోచేతులు,
రెండు చేతుల మధ్య గ్లాసు.
మణికట్టు మీది మచ్చ ఏనాడో ఒంట్లో కలిసిపోయింది.
టీ కుర్రాడు తలెత్తకుండానే
"తాత్తా, గ్లాస్ కుడు" అన్నాడు విసుగ్గా.

ఆయన నా వైపు తిరిగారు.
బంగారు పతకం మెళ్లో వేసిన రోజున కూడా
ఆ ముఖం చూడలేదు నేను.
"కుదిరిందిరా" అన్నారు.

పది రూపాయల నోటిచ్చి లేచి నడిచారు
ఆర్కాట్ రోడ్డు వైపు, నీటి గుంటలు తప్పించుకుంటూ,
కుడికాలు కొంచెం ఈడుస్తూ. బాగా చేశారు.
చొక్కా అడగబుద్ధి కాలేదు.

బండిమీద ఏడు రూపాయల చిల్లర
అలాగే ఉంది.
మా పక్క రైతెవడూ చిల్లర వదలడు.
పిలిచి చెప్పలేదు.