పదమూడో రీలు

ముందుగాల అది పత్తి మిల్లు.
జమ్మికుంట రైలుగేటుకు అవతల
రాతిగోడలు, రేకుల కప్పు.
మునీందర్‌రావు సేటు మిషన్లు అమ్మి
తెల్లగుడ్డ కట్టించి
దిల్‌కుషా టాకీస్ అని బోర్డు రాయించిండు.
ఫ్యాన్లు తిరిగితే గోడసందుల దూది లేశి
హీరోయిన్ మొఖం మీద మంచు కురిశేదట.
మా అవ్వ చెప్పినప్పుడల్లా
ఆ మంచు కొంచెం ఎక్కువైతుండె.

మా అవ్వ సారక్క. ఆడోళ్ల గేటు ఆమెది.
టికెట్ చింపుడు, పరదా దించుడు,
ఏడ్శే పోరగాండ్లను బయట ఆడించుడు.
ఇరవై ఆరేండ్లు
సినిమాలన్నీ చెవులతోనే చూసింది.

ప్రింటు ఒక్కటే, ఊర్లు రెండు.
హుజూరాబాద్‌ల ఆట ఆరింటికి, మా దగ్గర ఏడున్నరకు.
అక్కడ రీళ్లు అయిపోయినకొద్దీ
ఓదేలన్న లూనాకు డబ్బాలు కట్టుకొని ఉరికొచ్చేటోడు.
బొగ్గు గూడ్సు అడ్డమొచ్చిందంటే
మాకు ఇంటర్వెల్లు పొడుగు.
బయట నిలబడి పెట్టెలు లెక్కపెట్టేది జనం:
యాభై ఆరు, యాభై ఏడు, ఆఖర్న గార్డు లాంతరు.
మీదికెళ్లి యాకూబ్ మామ
కాలిపోయిన కార్బన్ తుంటలు ఇసిరేశేటోడు.
నా మొదటి అక్షరాలు వాటితోనే
మూత్రశాల గోడ మీద రాసిన.

తర్వాత ఆ ఏండ్లు వచ్చినయ్.
సెకండ్ షో ఇడిశినంక
చౌరస్తల టార్చిలైటు మొఖం మీద కొట్టి
ఏ సినిమా, కథ చెప్పు, అని అడిగేది పోలీసులు.
చినిగిన టికెట్ ముక్క
పసుపుతాడు లెక్క దాసుకునేది మనుషులు.
ఆటల నిద్రపోయినోళ్లు
పోంగపోంగ మా అవ్వ దగ్గర ఆగి
కథ అడుక్కొని పోయేటోళ్లు.

మాఘమాసం. చలి.
తెర మీద కోర్టు. తమ్ముడు బోనుల ఉన్నడు.
జడ్జి కండ్లద్దాలు తుడుచుకున్నడు,
గంతే.
తెల్లగుడ్డ.

గూడ్సు పోయింది. ఇంకో గూడ్సు పోయింది.
ఓదేలన్న రాలే.
చెక్‌పోస్టు కాడ ఆపిండ్రట. రేకుడబ్బా గదా.
దూరంగ పెట్టి, పండుకొని, కట్టెతోని మూత తీసి
తెల్లార్లు రీలు ఇప్పి
గజం గజం లాంతరుకు పట్టి చూసిండ్రట.
ఏం దొరికిందో మరి వాళ్లకు.

ఇక్కడ కుర్చీలు ఇరుగుతున్నయ్.
పైసలు వాపస్ అంటున్నరు.
కథ తెల్వకుండ చౌరస్త ఎట్ల దాటాలె అని ఒకాయన.
మా అవ్వ పరదా తీసుకొని బయటికొచ్చింది.
యాకూబ్ మామ ఏమనుకున్నడో, ఉత్త వెలుగు ఏసిండు.
తెర మీద ఆమె నీడ రేకులదాక లేశింది.

జడ్జి ఏం చెప్పలే, అన్నది.
చెప్పేటందుకు నోరు తెరిశిండు, అప్పుడే తల్లి లేశింది.
అయ్యా, వీన్ని నాకియ్యి,
తప్పు జేస్తే నేనే కొడుత అన్నది.
ఇచ్చిండు.
ఇంటికి తోల్కపోయింది, కాళ్లకు నీళ్లిచ్చింది,
అన్నం పెట్టింది. అయిపోయింది సినిమా.

ఒక్కడు ఈల ఎయ్యలే.
ఆడోళ్ల బెంచీల కెల్లి
మొగిలి తల్లి అడిగింది: తిన్నడా?
మొగిలి పోయి అప్పటికి మూడేండ్లు,
ఏ అడివికో ఎవరడగకపోయేది.
తిన్నడు, అన్నది మా అవ్వ,
రెండుసార్లు పెట్టించుకున్నడు.

తెల్లారి రీలొచ్చింది, అంతట ఏలిముద్రలు.
అండ్ల తమ్మున్ని ఉరితీసిండ్రు.
రాత్రి చూసిన ఆడోళ్లు మళ్ల టికెట్ కొని చూసి
ఓదేలన్న మీదికి లేశిండ్రు,
తప్పు రీలు తెచ్చినవని.

ఇప్పుడు గేటు మీద వంతెన.
గూడ్సు ఎవరినీ ఆపది.
దిల్‌కుషాల మళ్ల పత్తి బోరాలు నింపిండ్రు,
బోర్డు మీద కుషా మిగిలింది.
మొగిలి తల్లికి చూపు పోయింది.
నా గొంతు ఆనవాలు పట్టి
చెయ్యి పట్టుకుంటది అంగట్ల.
సినిమా పేరు యాదికి లేదు ఆమెకు.
మీ అవ్వ, అంటది,
రెండోసారి కూడ పెట్టింది బిడ్డా.